మీ ప్రశ్నలు, మా జవాబులు: లివర్‌మోర్ ద్రాక్షతోటలు, అందుబాటు ధరలో వైను

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన తల్లిదండ్రుల నుంచి, అక్కడే స్థిరపడిన తెలుగువారి నుంచి ఈ మధ్య వైను గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకే విషయం చుట్టూ తిరిగిన కొన్నింటిని ఈ సంచికలో ఒకచోట చేర్చాం. తాగమని గానీ మానమని గానీ చెప్పడం ఈ శీర్షిక పని కాదు. అడిగినదానికి జవాబు చెప్పడం వరకే మా బాధ్యత.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటాడు. జనవరిలో వెళ్లినప్పుడు లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని, అక్కడి నుంచి టెస్లా రోడ్డు వైపు వెళితే రోడ్డుకు రెండువైపులా ఆకు లేని ద్రాక్షమొద్దులు కనిపించాయి. 1883లో పెట్టిన ఒక వైనరీలో ‘అయిదు తరాలుగా మా కుటుంబమే పాత పద్ధతిలో చేస్తోంది’ అని చెప్పారు. సీసా పదిహేను డాలర్ల పైచిలుకు. అంతకు ముందు వారం కాలిఫోర్నియాలోనే వైనుకు పేరున్న నాపాలో చూసిన సీసాలు చాలావరకు వంద డాలర్లకు దగ్గరగా ఉన్నాయి. పాత పద్ధతిలో చేసింది ఖరీదు ఎక్కువ ఉండాలి గదా, ఇక్కడ తక్కువకెలా వస్తోంది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఆ రోడ్డు మీద 1883లో మొదలైన వైనరీలు రెండున్నాయి. ఒకటి ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కాంకానన్ పెట్టినది. అది ఇప్పుడు ఒక పెద్ద వైను కంపెనీ చేతిలో ఉంది. రెండోది జర్మనీ నుంచి వచ్చి, నాపాలో చార్లెస్ క్రూగ్ అనే వైను తయారీదారు దగ్గర పని నేర్చుకున్న కార్ల్ వెంటీ పెట్టినది. అయిదు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్నది ఈ రెండోదే కాబట్టి మీరు వెళ్లింది వెంటీ వైనరీకే అయివుండాలి. (టెస్లా రోడ్డుకు కార్ల కంపెనీతో సంబంధం లేదు. తూర్పు కొండల్లో ఒకప్పుడు టెస్లా అనే బొగ్గుగనుల ఊరు ఉండేది.)

ధరలో మొదటి భాగం నేలది. అమెరికా వైను వ్యాపారంలో ఒక మోటు లెక్క చాలాకాలంగా ప్రచారంలో ఉంది: టన్ను ద్రాక్ష ధరను వందతో భాగిస్తే సీసా అమ్మకపు ధర సుమారుగా వస్తుంది. నాపాలో కాబర్నే సావిన్యాన్ ద్రాక్ష టన్ను సగటున 8 వేల డాలర్లకు పైగా పలుకుతుంది కాబట్టి అక్కడి సీసా 80 డాలర్లు దాటడంలో వింత లేదు. కాలిఫోర్నియా మధ్యలోని వేడి మైదానాల్లో పండే ద్రాక్ష టన్ను వెయ్యి డాలర్ల లోపే దొరుకుతుంది గనుక ఆ వైను పది డాలర్ల కిందే ఉంటుంది. లివర్‌మోర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. నేల నాణ్యత తక్కువ కావడం దీనికి కారణం కాదు. ఆ లోయ తూర్పు పడమరలుగా పరచుకుని ఉండడం వల్ల పగలు ఎండకాచినా సాయంత్రానికి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. నేల గులకరాళ్లతో నిండి నీటిని నిలవనివ్వదు. ఈ రెండూ వైను ద్రాక్షకు కావలసినవే. 1889 పారిస్ ప్రదర్శనలో ఆ లోయలోని క్రెస్టా బ్లాంకా వైనుకు అత్యున్నత బహుమతి వచ్చింది. అయినా పేరు నాపాకు దక్కింది. పేరు పెరిగినచోట భూమి ధర పెరుగుతుంది, భూమితో పాటు ద్రాక్ష ధరా పెరుగుతుంది. దీనికి తోడు వెంటీ కుటుంబానికి లివర్‌మోర్‌లోనూ, దక్షిణాన మాంటెరే ప్రాంతంలోనూ కలిపి సుమారు 3 వేల ఎకరాల సొంత తోటలున్నాయి. తాతల నాటి భూమికి బ్యాంకు వడ్డీ కట్టనక్కరలేదన్న సంగతి మన రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

రెండో భాగం పీపాలది. ఫ్రాన్సు ఓకు కలపతో చేసిన 225 లీటర్ల కొత్త పీపా వెయ్యి డాలర్ల పైనే ఉంటుంది. అందులో పట్టేది 300 సీసాల వైను. ఒక్కసారి వాడి తీసేస్తే పీపా ఖర్చే సీసాకు మూడు డాలర్లు దాటుతుంది. తయారీదారు నుంచి పంపిణీదారుకు, అక్కడి నుంచి దుకాణానికి చేతులు మారేటప్పటికి ఆ మూడు డాలర్లు కొనేవాడి మీద అంతకు రెట్టింపుగా పడతాయి. అదే పీపాను మూడు నాలుగేళ్లు వాడితే కలపలోని వెనిలా, కాల్చిన వాసన చాలావరకు దిగిపోతాయి. అప్పటి నుంచి ఆ పీపా వాసన ఇవ్వదు, సన్నగా గాలి పీల్చుకునే పాత్రగా మాత్రం పనికొస్తుంది. వెంటీ వారు షార్డొనే అనే తెల్లద్రాక్షతో చేసే ‘మార్నింగ్ ఫాగ్’ వైనులో దాదాపు సగం ఇలాంటి పాత పీపాల్లో, మిగతా సగం స్టీలు ట్యాంకుల్లో పులుస్తుంది. దాని ధర మీరు చూసినట్టే 15, 20 డాలర్ల మధ్య ఉంటుంది.

ఇక మీరు అడిగిన పాత పద్ధతి. రసం పులవడం పూర్తయ్యాక చచ్చిన ఈస్ట్ అడుగున మడ్డిగా చేరుతుంది. తొందరగా సీసాకెక్కించి అమ్మేవారు ఆ మడ్డిని వెంటనే వేరుచేస్తారు. పాత పద్ధతి పాటించేవారు వైనును నెలల తరబడి దాని మీదే ఉంచుతారు. పనివాడు పీపా బిరడా తీసి, కొస వంచిన ఇనుప కడ్డీని లోపలికి దించి, అడుగు తాకేలా నెమ్మదిగా తిప్పుతాడు. అప్పటిదాకా తేటగా ఉన్న వైను ఒక్కసారిగా పల్చని మజ్జిగలా తెల్లబడుతుంది. ఆ పీపాలోంచి తగ్గినంత వైనును మరో పీపా నుంచి తెచ్చి నిండుగా పోసి, బిరడా బిగించి, పక్క పీపాకు వెళతాడు. వారానికోసారో నెలకోసారో ఇలా చేస్తూపోతే ఈస్ట్ కణాలు విచ్చిపోయి వైనుకు చిక్కదనాన్ని, వేడి రొట్టెను గుర్తుచేసే వాసనను ఇస్తాయి. పైగా మడ్డి ఆక్సిజన్‌ను పీల్చుకోవడం వల్ల వైను త్వరగా పాడవదు. ఇందులో కొత్తగా కొనవలసిన సామాను ఏదీ లేదు. కావలసింది మనిషి పని, కొన్ని నెలల ఓపిక.

అంటే పాత పద్ధతుల్లో కొన్ని డబ్బు తినేవి, కొన్ని డబ్బు మిగిల్చేవి. కొత్త పీపాలు, గుత్తి గుత్తినీ చేత్తో కోయించడం, ఏళ్ల తరబడి సరుకును నిలవ ఉంచడం మొదటి కోవలోకి వస్తాయి. మడ్డి మీద ఉంచడం, పాత పీపాలు, సొంత తోటలోని కొమ్మలనే మళ్లీ నాటుకోవడం రెండో కోవలోవి. పదిహేను డాలర్ల సీసాలో మీకు దొరికేది రెండో కోవ మాత్రమే. అంచేత ‘అయిదు తరాలుగా అదే పద్ధతి’ అన్న మాటను యథాతథంగా తీసుకోకండి. చల్లబరిచే స్టీలు ట్యాంకులు కాలిఫోర్నియాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విరివిగా వచ్చాయి; ఈ ధరకు అమ్మే ద్రాక్షను ఇప్పుడు ఎక్కువగా రాత్రివేళ యంత్రాలతోనే కోస్తారు. ఆ మార్పుల వల్ల వైను చెడిపోయిందని నేను అనుకోను. రాత్రి చలిలో కోసిన ద్రాక్ష మధ్యాహ్నపు ఎండలో చేత్తో కోసినదాని కన్నా తాజాగా వైనరీకి చేరుతుంది.

ప్రశ్న: అమెరికా సీసాల మీద షార్డొనే, కాబర్నే అని ద్రాక్ష పేరే పెద్దగా ఉంటుంది. ఫ్రాన్సు సీసా మీద ఊరి పేరు తప్ప ద్రాక్ష పేరు కనబడదు. ఇలా ద్రాక్ష పేరుతో అమ్మడం ఎప్పుడు మొదలైంది? పేరున్న ద్రాక్షే పూర్తిగా ఉంటుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది. అంతకు ముందూ, ఆ తర్వాత చాలాకాలమూ కాలిఫోర్నియా వైనులు ‘బర్గండీ’, ‘షాబ్లీ’ వంటి యూరపు ఊర్ల పేర్లతోనే అమ్ముడయ్యేవి. లోపల ఏ ద్రాక్ష ఉన్నదీ కొనేవాడికి తెలిసేది కాదు. నిషేధ కాలంలో చర్చి ప్రార్థనలకు కావలసిన వైను చేసిపెట్టి తోటలను బతికించుకున్న కొద్దిమందిలో లివర్‌మోర్‌లోని పై రెండు కుటుంబాలూ ఉన్నాయి. నిషేధం తొలగిన కొద్ది కాలానికే, 1936లో, వెంటీ వారు షార్డొనే పేరు వేసి సీసా విడుదల చేశారు. అమెరికాలో ఆ పేరుతో వచ్చిన మొదటి వైనుగా దాన్నే చెబుతారు. వైను దిగుమతిదారు, రచయిత అయిన ఫ్రాంక్ షూన్‌మేకర్ ఆ దశాబ్దం చివర్లో కాలిఫోర్నియా వైనులను తన చేతుల మీదుగా అమ్మడం మొదలుపెట్టినప్పుడు అరువు తెచ్చుకున్న ఊర్ల పేర్లు తీసేసి ద్రాక్ష పేరే వేయాలని పట్టుబట్టాడు. అప్పటి నుంచి ఆ ఆచారం స్థిరపడింది.

ఆ షార్డొనే తీగ కథ కూడా చెప్పుకోదగినదే. కార్ల్ వెంటీ కొడుకు ఎర్నెస్ట్ 1912లో ఫ్రాన్సులోని మోంపెలియే నుంచి కొమ్మముక్కలు తెప్పించి నాటాడు. 1960 నాటికి కూడా కాలిఫోర్నియా మొత్తంలో షార్డొనే తోటలు కొన్ని వందల ఎకరాలకు మించలేదు. తర్వాత ఆ ద్రాక్షకు గిరాకీ వచ్చినప్పుడు రైతులు కొమ్మల కోసం వెంటీ తోటకూ, అక్కడి నుంచి కొమ్మలు తీసుకుపోయిన తోటలకూ వెళ్లారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రోగం లేని మొక్కలుగా శుద్ధిచేసి పంచిన కొన్ని రకాలకు మూలం కూడా అదే. నేడు ఆ రాష్ట్రంలోని షార్డొనే తోటల్లో అత్యధిక భాగం ఈ తీగకు వారసులే. పాత వెంటీ తీగల గుత్తిని చేతిలోకి తీసుకుని చూస్తే పెద్ద పండ్ల మధ్య సరిగా ఫలదీకరణ చెందని చిన్న పండ్లు ఇరుక్కుని కనిపిస్తాయి. చూడటానికి లోపంగా ఉన్నా, చిన్న పండ్లలో రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ కాబట్టి వైనుకు రుచి కూడుతుంది. ఆ గుణం కోసమే ఇప్పటికీ ఏరి నాటుతున్నారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు: ఉండనక్కరలేదు. 1983 నుంచి అమెరికా చట్టం ప్రకారం పేరు వేసిన ద్రాక్ష కనీసం 75 శాతం ఉంటే చాలు. అంతకు ముందు 51 శాతమే. యూరపులో 85 శాతం ఉండాలి. మిగతా 25 శాతాన్ని మోసంగా చూడకండి. రంగు తక్కువైన ఎర్రవైనులో ముదురు రంగు ద్రాక్షను కొంత కలపడం పాత అలవాటు. ఇలా కలపడానికే పనికొస్తుందనుకున్న పెటీ సిరా అనే ద్రాక్షను 1961 పంటతో తన పేరు మీదే సీసాకెక్కించింది కాంకానన్ వారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో దురీఫ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి తోటలో పుట్టిన సంకర జాతి అది. సిరా, పెలూర్సాన్ దాని తల్లిదండ్రులని డేవిస్‌లో జన్యు పరీక్షలు తేల్చాయి. కాబర్నేకున్నంత మోజు దీనికి లేదు గనుక నేటికీ మంచి సరుకు తక్కువ ధరకు దొరుకుతుంది. డబ్బు చూసి కొనేవారు ద్రాక్ష పేరుకున్న పరపతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫ్రాన్సులో ఊరి పేరు వేసినా లోపల ఒకే రకం ద్రాక్ష ఉన్న వైనులు చాలా ఉన్నాయి. అక్కడి షాబ్లీ అంతా షార్డొనేయే. లువార్ నది సముద్రంలో కలిసే చోట, నాంట్ నగరం చుట్టూ చేసే ముస్కాడే వైను దాదాపు మొత్తం మెలాన్ ద బుర్గోన్య్ అనే ద్రాక్షదే. దాన్ని నేలలోకి దించిన సిమెంటు తొట్లలో, చలికాలమంతా మడ్డి మీదే ఉంచి, ఆ తొట్టిలోంచి నేరుగా సీసాకెక్కిస్తారు. అలా చేసినదాని లేబులు మీద ‘సుర్ లీ’ అని రాస్తారు. పీపా ఖర్చు లేదు, పేరు ప్రతిష్ఠల బరువూ లేదు. అందువల్ల ఫ్రాన్సు తెల్లవైనుల్లో చవకైనవాటి సరసన నేటికీ నిలిచి ఉంది.

ప్రశ్న: మేం శాకాహారులం. వైనులో కోడిగుడ్డు వాడతారని మా కోడలు అంటోంది. ద్రాక్షరసంలో గుడ్డెందుకు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కోడలు చెప్పింది నిజమే, అయితే అన్ని వైనులకూ వర్తించదు. కొత్త ఎర్రవైనులో వగరు ఎక్కువగా ఉంటుంది. ఆ వగరును తగ్గించడానికి ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో శతాబ్దాలుగా పీపాకు కొన్ని కోడిగుడ్ల తెల్లసొనను గిలక్కొట్టి కలుపుతున్నారు. సొనలోని మాంసకృత్తు వగరు పదార్థాన్ని పట్టుకుని గడ్డలుగా అడుగుకు దిగుతుంది. పైనున్న తేట వైనును వేరే పాత్రలోకి వంపుకుంటారు. గుడ్డుకు బదులు పాలలోని కేసీన్, చేపల తిత్తి నుంచి తీసిన పదార్థం, జెలటిన్ వాడేవారూ ఉన్నారు. తెల్లవైనును తేర్చడానికి ఎక్కువగా వాడేది బెంటొనైట్ అనే బంకమన్ను. దానితో మీకు పేచీ లేదు.

చిక్కేమిటంటే, వీటిలో ఏది వాడారో లేబులు మీద రాయాలని అమెరికాలో నిర్బంధం లేదు. యూరపులో గుడ్డు, పాల పదార్థాల జాడ సీసాలో మిగిలితే రాయాలి. కాబట్టి మీరు రెండు చోట్ల చూడండి: ‘వీగన్’ అని రాసి ఉన్న సీసా అయితే సందేహం అక్కర్లేదు; ‘తేర్చలేదు, వడకట్టలేదు’ అన్న అర్థంలో ‘అన్‌ఫైన్డ్, అన్‌ఫిల్టర్డ్’ అని ఉన్నా గుడ్డు వాడలేదనే. వైనరీకే వెళ్లినప్పుడు అక్కడివారిని అడిగితే సూటిగా చెబుతారు, ఈ ప్రశ్న వారికి కొత్తది కాదు. పాత పద్ధతి అని రాసి ఉన్నంత మాత్రాన అది శాకాహారమని అనుకోకండి. గుడ్డు వాడటం కూడా పాత పద్ధతే.

ప్రశ్న: మేమిద్దరం ఫ్రీమాంట్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటికి అతిథులు వస్తే ఇరవై డాలర్లలోపు సీసా కొంటాం. దుకాణంలో అన్నీ ‘ఫ్యామిలీ’, ‘ఎస్టేట్’, ‘రిజర్వ్’, ‘ఓల్డ్ వైన్’ (పాత తీగ) అనే అంటాయి. నిజంగా తోట ఉండి, సొంతంగా చేసినవారి సీసాను లేబులు చూసి పట్టుకోవచ్చా? – ఒక జంట, కాలిఫోర్నియా

జవాబు: చాలావరకు పట్టుకోవచ్చు, అయితే చూడవలసింది ముందు లేబులు కాదు, వెనక లేబులు అడుగున ఉన్న చిన్న అక్షరాలు. ముందు వేసిన బొమ్మలూ విశేషణాలూ వ్యాపారుల ఇష్టం. అడుగున రాసే మాటలకు అమెరికా చట్టంలో నిర్దిష్టమైన అర్థాలున్నాయి.

‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే ఆ చిరునామాలోని వైనరీ ఆ వైనులో కనీసం 75 శాతాన్ని తానే పులియబెట్టిందని అర్థం. ‘సెల్లార్డ్’, ‘వింటెడ్’ అని ఉంటే ఎక్కడో తయారైన వైనును కొని, కలిపి, నిలవ ఉంచి, సీసాకెక్కించి ఉండవచ్చు. ఒట్టి ‘బాటిల్డ్ బై’ అయితే వారు సీసాలో పోశారని తప్ప మరేమీ తెలియదు. అన్నిటికన్నా గట్టి మాట ‘ఎస్టేట్ బాటిల్డ్’. ద్రాక్ష నూటికి నూరు శాతం వైనరీ సొంత తోటలోనిదో, వారు కౌలు ఒప్పందంతో తమ అదుపులో ఉంచుకున్న తోటలోనిదో కావాలి. తోటా వైనరీ ఒకే గుర్తింపు పొందిన ప్రాంతంలో ఉండాలి, రసం పిండటం నుంచి సీసా దాకా అంతా అక్కడే జరగాలి. ముందు లేబులు మీద ‘ఎస్టేట్’ అన్న ఒక్క మాట చూసి దీనితో పొరబడకండి. ‘బాటిల్డ్’ అన్న రెండో మాట పక్కన ఉందో లేదో చూడండి.

ప్రాంతం పేరు కూడా ధర చెబుతుంది. ‘కాలిఫోర్నియా’ అని మాత్రమే ఉంటే ద్రాక్ష ఆ రాష్ట్రంలో ఎక్కడిదైనా కావచ్చు. అందులో ఎక్కువ మధ్య మైదానాలదే. ‘లివర్‌మోర్ వ్యాలీ’ వంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు వేస్తే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. లివర్‌మోర్‌కు ఈ గుర్తింపు 1982లో వచ్చింది. ఒకే కంపెనీ ఒకే ద్రాక్ష పేరుతో రాష్ట్రం పేరు మీద ఒకటి, లోయ పేరు మీద ఒకటి అమ్మడం మామూలే. రెండింటికీ తేడా నాలుగైదు డాలర్లే ఉన్నప్పుడు రెండోది తీసుకోండి.

‘రిజర్వ్’, ‘ఓల్డ్ వైన్’ అన్న మాటలకు అమెరికా చట్టంలో నిర్వచనం లేదు. ఇరవై ఏళ్ల తీగనూ పాతదనవచ్చు, నూరేళ్ల తీగనూ అనవచ్చు. ‘ఫ్యామిలీ’ అన్నదీ అంతే. నా మటుకు నేను వీటిని చదవను. దానికి బదులు వైనరీ తన వెబ్‌సైటులో ఆ సంవత్సరపు వైనుకు పెట్టే సాంకేతిక పత్రాన్ని చూస్తాను: ఎంత భాగం పీపాల్లో పులిసింది, ఆ పీపాలు కొత్తవా పాతవా, మడ్డి మీద ఎన్ని నెలలుంది, ఏ తోట ద్రాక్ష అన్నది అందులో ఉంటుంది. పాత పద్ధతి పాటించేవారు ఈ వివరాలను దాచరు, సగర్వంగా రాస్తారు. ‘ఓకు రుచి’ ఉందని చెబుతూ పీపా మాటే ఎత్తకపోతే కాల్చిన ఓకు చెక్కముక్కలను సంచిలో కట్టి స్టీలు ట్యాంకులో ముంచి ఉండవచ్చు. అది చట్టసమ్మతమే, హానికరమూ కాదు. అయితే పీపా పని చేసిందని అనుకుని డబ్బు పెట్టకండి.

మీరు ఫ్రీమాంట్ వారు కాబట్టి మరో సౌకర్యం ఉంది. లివర్‌మోర్ మీకు అరగంట, ముప్పావుగంట దూరం. ఆలయానికి ఎలాగూ వెళుతుంటారు. తిరిగి వచ్చేటప్పుడు కారు నడపని ఒకరు రుచి చూసి, దుకాణాలకు చేరని చిన్న మోతాదు సరుకును అక్కడే కొనవచ్చు. అక్కడ రుచి చూడటానికి ప్రవేశ రుసుము ఉంటుంది. సీసాలు కొన్నవారికి చాలాచోట్ల ఆ రుసుము మినహాయిస్తారు గనుక ముందే అడగండి.

ప్రశ్న: అనంతపురం ప్రాంతంలో ద్రాక్ష రైతుని. లివర్‌మోర్‌లో ఉన్న మా అల్లుడు ఈసారి వచ్చేటప్పుడు షార్డొనే కొమ్మముక్కలు తెస్తానంటున్నాడు. ఇక్కడ అంటు కట్టి, పాత పద్ధతిలో చవకగా వైను చేయవచ్చా? – ఒక రైతు

జవాబు: ముందుగా, మీ అల్లుడిగారిని ఆ పని చేయవద్దనండి. మొక్కల క్వారంటైన్ అనుమతి, తనిఖీ లేకుండా విదేశాల నుంచి కొమ్మలు తేవడం చట్టవిరుద్ధం. కొమ్మతో పాటు కంటికి కనబడని వైరసులు వస్తే మీ తోటతో ఆగవు, చుట్టుపక్కల రైతులవీ పోతాయి. మన దేశంలో వైను ద్రాక్ష రకాలు ఇప్పటికే ఉన్నాయి. పుణె దగ్గర మాంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి రాస్తే రకాల గురించీ, అంటు కట్టే వేరుమొక్కల గురించీ సలహా ఇస్తారు.

ఇక సాధ్యాసాధ్యాలు. లివర్‌మోర్‌లో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురించి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతకొస్తుంది. మన దగ్గర తీగకు నిద్ర లేదు. అందుకే మీరు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. నాసిక్ వైనరీలు ఇదే లెక్కన రాత్రులు చల్లగా ఉండే జనవరి, మార్చి నెలల మధ్య కోత కోస్తాయి. షార్డొనే చల్లని చోట రాణించే ద్రాక్ష. మన ఎండలో తీపి పెరిగేసరికి పులుపు జారిపోతుంది. మన దేశంలో షెనాన్ బ్లాన్, సావిన్యాన్ బ్లాన్, షిరాజ్ వంటివే ఎక్కువగా నిలదొక్కుకున్నాయి. మీ దగ్గరలోని ఉదాహరణ కావాలంటే హిందూపురానికి అట్టే దూరంలో లేని నంది కొండలు ఉన్నాయి. గ్రోవర్ కుటుంబం అక్కడ 1990ల ఆరంభంలో ఫ్రాన్సు రకాలతో వైను చేయడం మొదలుపెట్టింది. ఆ తోటలను నిలబెట్టింది ఎత్తు, దానివల్ల వచ్చే చల్లని రాత్రులు.

బహుశా మీ తోటలో ఉన్నది థాంప్సన్ వంటి తినే రకం. తినే ద్రాక్షకూ వైను ద్రాక్షకూ కోరుకునే గుణాలు వేరు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పేరు మోసిన అనాబ్-ఎ-షాహీ పెద్ద పండు, పల్చని తొక్క, నిండైన రసంతో తినడానికి బాగుండేది. రంగూ వగరూ ఇచ్చే తొక్క తక్కువ కాబట్టి వైనుకు అక్కరకు రాదు. తినే ద్రాక్షను 16 నుంచి 18 బ్రిక్స్ (రసంలోని చక్కెర శాతాన్ని చెప్పే కొలత) తీపి దగ్గర కోస్తారు, దానితో వచ్చే వైనులో ఆల్కహాలు 10 శాతం దరిదాపుల్లో ఆగుతుంది. వైను ద్రాక్షను 22, 24 దాకా ఆగి కోస్తారు గనుక 13 శాతం వస్తుంది. పైగా గుత్తులు తగ్గించి పండించాలి కాబట్టి ఎకరానికి దిగుబడి బాగా పడిపోతుంది. తక్కువ దిగుబడికి ఎక్కువ ధర ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పుకునే వైనరీ ముందు దొరకాలి; ఆ తర్వాతే మొక్క నాటండి. మీరే వైను చేసి అమ్మాలంటే ఎక్సైజ్ శాఖ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు, చల్లబరిచే ట్యాంకులు, కరెంటు ఖర్చు కలిపితే మొదటి కొన్నేళ్లు మీ వైను చవకగా ఉండే అవకాశం లేదు. పాత పద్ధతులు లివర్‌మోర్‌లో చవక కావడానికి అక్కడి చల్లని రాత్రులు ఉచితంగా చేసే పని ఒక ముఖ్య కారణం. ఆ పనిని ఇక్కడ మీరు కరెంటుతో చేయించాలి.

ప్రశ్న: సీసా మీద ‘సల్ఫైట్లు ఉన్నాయి’ అని హెచ్చరిక ఉంది. పాత పద్ధతి అంటూ రసాయనాలు కలపడమేమిటి? – ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: గంధకాన్ని వైను నిలవకు వాడటం వందల ఏళ్ల నాటి పద్ధతి, ఖాళీ పీపాలో గంధకపు వత్తి వెలిగించేవారు. పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొద్దిగా సల్ఫైటును తయారుచేస్తుంది. అమెరికాలో పది లక్షల భాగాల్లో పది దాటితే ఆ హెచ్చరిక రాయాలి, కాబట్టి దాదాపు అన్ని సీసాల మీదా కనిపిస్తుంది. మన ఇళ్లల్లో వాడే పసుపుపచ్చ కిస్‌మిస్‌లో, ఎండు ఆప్రికాట్లలో మామూలు వైనులో కన్నా సల్ఫైట్లు చాలా ఎక్కువ. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఇవి పడవు. అలాంటివారు వైద్యుణ్ణి అడగాలి. తాగిన మర్నాటి తలనొప్పికి మాత్రం సల్ఫైటును నిందించే ముందు ఆల్కహాలును అనుమానించడం సబబు.

ప్రశ్న: మా అమ్మాయి తెచ్చిన లివర్‌మోర్ షార్డొనే సీసా ఒకటి బీరువాలో ఉంది. పదేళ్లు దాస్తే విలువ పెరుగుతుందా? అసలు రోజూ కొంచెం తాగితే గుండెకు మంచిదంటారు, నిజమేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: విలువ పెరగదు. ఈ ధరకు అమ్మే తెల్లవైనులో చాలా భాగం కొన్న రెండు మూడేళ్లలో తాగడానికి చేసినదే. ఎంత శ్రద్ధగా మడ్డి మీద ఉంచి చేసినా పదేళ్లు ఆగే సత్తువ దానికి ఉండదు. పైగా బీరువా ఆ వైనుకు శత్రువు. విజయవాడలో ఒక్క మే నెల గడిస్తే చాలు, సీసాలోని వైను రంగు ముదిరి, పండు వాసన పోయి, ఉడికిన ఆపిల్ వాసన మిగులుతుంది. సీసాను ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చండి. బెరడు బిరడా అయితే పడుకోబెట్టండి, మరమూత అయితే ఎలా పెట్టినా ఫరవాలేదు. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నాలుగు రోజుల్లో ముగించాలి.

గుండె సంగతి: ఆరోగ్యానికి హాని చేయని ఆల్కహాలు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. ఇప్పటిదాకా తాగనివారు గుండె కోసమని మొదలుపెట్టనక్కరలేదు. అమ్మాయి తెచ్చిన సీసాను ఇంటికొచ్చిన అతిథులకు ఇవ్వదలిస్తే ఈ వేసవి రాకముందే ఇవ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట ఉంచి పోస్తే వాసన బాగా తెలుస్తుంది.